రెండు మెట్లు దించిన పాట

మెడలో థైరాయిడ్ గడ్డ తీయించుకుని ఒంగోలు నుంచి మార్కాపురం తిరిగొచ్చిన కొన్నాళ్లకు గాని, గొంతు పోయిందన్న సంగతి నాకు తెలియలేదు. మొదట్లో అది ఆపరేషన్ నొప్పి వల్లే అనుకున్నాను. నొప్పి తగ్గింది, కుట్లు ఆరాయి, గొంతు మాత్రం రాలేదు. నోరు తెరిస్తే గాలి వచ్చేది. దాని వెనకాల ఎక్కడో చిన్నగా బొంగురు చప్పుడు.

మాది స్టీలు సామాన్ల దుకాణం. బిందెలు, గంగాళాలు, పెళ్లి సామాను. మా ఆయన నెమ్మదస్తుడు. బేరం, పలకరింపు, నవ్వులు అన్నీ నావే. అలాంటిది నేను పలకకుండా కూర్చుంటే వచ్చినవాళ్లకు వింతగా ఉండేది. దొనకొండ వైపు నుంచి ఏళ్ల తరబడి వచ్చే ఒక పెద్దావిడ నన్ను కాసేపు చూసి, "ఏందమ్మా, మా మీద ఏమన్నా కోపమా? మాట్లాడవు" అంది. మెడ మీది గీత చూపించాను. ఆమె నొచ్చుకుని, బేరమాడకుండానే చెంబు తీసుకుని వెళ్లిపోయింది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

తిరిగి చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు సన్నని గొట్టం పెట్టి చూశాడు. "నరం తెగలేదమ్మా. కదలిక తగ్గింది. వస్తుంది, నెలలు పట్టొచ్చు. గుసగుసగా మాట్లాడొద్దు, అది గొంతుకు ఇంకా శ్రమ. రోజూ కాసేపు మెల్లగా కూనిరాగం తీయండి" అన్నాడు. వస్తుందన్నాడే గాని, పూర్తిగా వస్తుందనలేదు. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఆ మాట మా ఆయనతో అందామనుకున్నాను. ఆ ఇంజను మోతలో నా గొంతు వినపడదు.

గిద్దలూరులో ఉండే మా వదిన, మా ఆయన అక్క, ఆ సంగతి తెలుసుకుని ఫోన్ చేసింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆమె తన ఈడు వాళ్లను కొందరిని పోగేసి, ఆదివారాలు తమ మేడ మీది గదిలో కరోకే పాడిస్తోంది. పాటలోంచి గొంతు తీసేసి వాద్యాలు మాత్రం ఉంచిన ట్రాకు ఒకటి మోగుతుంటే, తెర మీద కదిలే అక్షరాలు చూసుకుంటూ మైకులో మనం పాడాలి.

"ఏమ్మే, కూనిరాగం తీయమన్నాడంట కదా డాక్టరు. ఆ తీసేదేదో ఇక్కడికొచ్చి తియ్యి. ఆదివారం బస్సెక్కు" అంది.

నేను ఎన్నడూ పాడినదాన్ని కాదు. భజనలో పదిమందితో కలిసి అనడమే. కానీ ఇంట్లో ఒక్కదాన్నే మూలుగుతూ కూర్చుంటే ఏడుపు వస్తోంది. కంభం మీదుగా గిద్దలూరు బస్సెక్కాను.

మొదటిరోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది. ట్రాకులు వేసేది రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. అందరూ ఆయన్ను అన్నా అనే పిలుస్తారు. ఆయన నాకోసం నెమ్మదైన పాట వేశాడు. ముందు వాయిద్యం పూర్తి కాకుండానే నేను మొదలుపెట్టేశాను. అక్షరాలు రంగు మారేలోపే చదివేశాను. పల్లవి అయ్యేసరికి పాటకంటే ఒక వాక్యం ముందున్నాను. పై స్థాయికి వెళ్లే చోట గొంతు చిట్లి, ఆ గాలి చప్పుడంతా మైకులో పడి గది నిండింది. మైకు బల్ల మీద పెట్టేశాను.

వదిన నా చేతికి గోరువెచ్చని నీళ్లిచ్చింది. "పాట నీ వెనక తరుముకొస్తాందా ఏంది, అట్ల పరిగెత్తినావు?"

"నాకు రాదు వదినా" అన్నాను. అది ఆమెకు వినపడలేదు. పెదాలు చూసి తెలుసుకుంది.

"ఎవరికీ రాదు. నాకు మాత్రం వస్తదా? పది రోజులు పోతే సిగ్గు పోతది. ఆ తర్వాత చూద్దాం."

సిగ్గు పోవడానికి అంతకంటే చాలా ఎక్కువే పట్టింది. నేను చేసిన పని ఒక్కటే, ఒకే పాట పట్టుకుని వదలకపోవడం. ఉదయం వంట చేస్తూ ఫోనులో ట్రాకు పెట్టేదాన్ని. మొదట పాడకుండా ఊరికే వినేదాన్ని. ఎక్కడ తబలా ఆగుతుంది, ఎక్కడ వేణువు వచ్చి మనల్ని పిలుస్తుంది, ఇవన్నీ తెలిశాక పరుగు తగ్గింది. తర్వాత నోరు మూసుకుని కూనిరాగం. ఆ తర్వాతే మాటలు. పాడినదానికి మార్కులు వేసే యాప్ ఒకటి వదిన ఎక్కించి ఇచ్చింది. ఒకరోజు నేను పాడుతుండగా కుక్కర్ విజిల్ వేస్తే, దానికి మార్కులు పెరిగాయి. ఆ యాప్‌ను ఆ పూటే తీసేశాను. చాలా రోజుల తర్వాత చప్పుడు చేసి నవ్వింది అప్పుడే అనుకుంటాను. మా ఆయన పేపరు దించి వంటింట్లోకి తొంగిచూశాడు.

వదిన చెప్పినదాంట్లో కష్టమైంది రికార్డు చేసి వినడం. మొదట ఒక వాక్యం కూడా వినలేకపోయాను. అది నేను కాదు, ఎవరో జలుబు చేసిన మనిషి. అయినా రోజూ విన్నాను. వినగా వినగా, ఊపిరి ఎక్కడ చాలడం లేదో తెలిసింది. ఆ మాటకు ముందే పీల్చుకోవడం అలవాటు చేసుకున్నాను. చరణానికీ చరణానికీ నడుమ వాయిద్యం మోగేటప్పుడు ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంటూ ఉండేదాన్ని. ఊరికే నిలబడి వినవచ్చని తెలియడానికి చాన్నాళ్లు పట్టింది.

గొంతు కొంచెం కొంచెంగా గట్టిపడింది. దుకాణంలో ఎదురుగా ఉన్న మనిషికి వినపడేలా మాట్లాడగలిగాను. పై స్థాయి మాత్రం రాలేదు. ఆ చోటికి రాగానే ప్రతిసారీ చిట్లేది. ఒక ఆదివారం వదిన పెద్దాయనతో, "అన్నా, శ్రుతి రెండు మెట్లు దించి చూద్దాం ఆమెకు" అంది.

నాకు మనసు చివుక్కుమంది. "దించితే పాట పాటలాగుంటదా?"

"బిందె ఎత్తలేనోళ్లు చెంబుతో తెచ్చుకుంటారు. నీళ్లు నీళ్లే గదా మే" అంది వదిన.

ఆయన ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. అదే పాట, కొంచెం కిందికి దిగి వచ్చింది. నేను భయపడే చోటు వచ్చింది, దాటిపోయింది. గొంతు చిట్లలేదు. అయిపోయాక కూడా నేను మైకు దించలేదు. వదిన నీళ్ల సీసా నా వైపు జరిపింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు, పొదిలిలో వదిన బంధువుల షష్టిపూర్తికి మా గుంపును పాడమన్నారు. ఫంక్షన్ హాలు, పట్టపగలు, ఒకవైపు భోజనాలు. నన్నొదిలెయ్యమని వదినను బతిమాలాను. "నీ పేరు చెప్పేసినాను" అంది. మా ఆయన దుకాణం మూసి నాతో వచ్చాడు. వెనక వరసలో, ద్వారం పక్కన కూర్చున్నాడు. నేను పారిపోతే వెంట రావడానికి వీలుగా ఉంటుందని అలా కూర్చున్నానని తర్వాత చెప్పాడు.

నా వంతు వచ్చింది. ముందు వాయిద్యం మొదలవగానే తెలిసిపోయింది. అది దించిన ట్రాకు కాదు. హడావిడిలో పెద్దాయన మామూలుది పెట్టేశాడు. పాడితే రెండో వాక్యంలోనే గొంతు చిట్లుతుంది. అంతకుముందు నేనైతే అలాగే పరిగెత్తేదాన్ని, లేదా మైకు అక్కడ పెట్టి దిగిపోయేదాన్ని. ఆరోజు ఎందుకో రెండూ చేయలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని, "అన్నా, ఆపండి. ఇది నా శ్రుతి కాదు. రెండు దించండి" అన్నాను.

ఆ మాటలు పెద్ద స్పీకర్లలోంచి హాలంతా వినపడ్డాయి. కొందరు తల తిప్పి చూశారు. పెద్దాయన నాలుక కరుచుకుని ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. నేను అందరి ముందు చేతులు వేలాడేసుకుని ఊరికే నిలబడ్డాను. ఏమీ కాలేదు. అవతల వడ్డించేవాళ్లు వడ్డిస్తూనే ఉన్నారు. ఎవరో పెరుగు అడిగారు. నా ట్రాకు వచ్చింది. పాడాను.

గొప్పగా పాడానని చెప్పను. రెండో చరణంలో ఒకచోట గొంతు గీరుకుంది. అక్కడ ఆగి సర్దుకోకుండా తర్వాతి మాటకు పోయాను. ముగించేసరికి కొన్ని చప్పట్లు వినపడ్డాయి.

దిగి భోజనానికి కూర్చుంటే పక్కన ఒకావిడ, ఎవరో నాకు తెలియదు, ఆకు మీద నీళ్లు చల్లుకుంటూ, "నీ గొంతు బలే బరువైన గొంతమ్మా. చిన్నప్పటి నుంచీ అంతేనా?" అని అడిగింది.

నేను పోగొట్టుకున్న గొంతును ఆమె ఎన్నడూ వినలేదు. ఆమెకు తెలిసిన గొంతు ఇదొక్కటే, అది ఆమెకు నచ్చింది. నెలల తరబడి గుండెల మీద పెట్టుకున్న బరువేదో అక్కడ, ఆ విస్తరి ముందు, దిగిపోయింది. "లేదమ్మా, ఈమధ్యనే వచ్చింది" అన్నాను. ఆమెకు అర్థం కాకపోయినా నవ్వింది. పప్పులో నెయ్యి వేయించుకుని కడుపునిండా తిన్నాను.

అవతల చేతులు కడుక్కునే చోట మా ఆయన కనిపించాడు. "ట్రాకు ఆపించినావు చూడు, అప్పుడు నాకు భయం పోయింది" అన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను రుమాలు ఇచ్చాను.

ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో గొంతు మొరాయిస్తుంది. వేడినీళ్లు తాగి, కాసేపు కూనిరాగం తీసి, దుకాణానికి వెళ్తాను. పాత గొంతు వస్తుందా అని డాక్టరును అడగడం మానేశాను. ఈమధ్య వదిన జంటపాట పాడదామని పట్టుబడుతోంది. పై స్థాయి తనదట, కింది స్థాయి నాదట. ట్రాకు పంపించింది. ఇంకా పాడటం మొదలుపెట్టలేదు, వింటున్నాను.