మంచినీళ్ళు వద్దన్న మనిషి

అబద్ధాన్ని ముఖం చూసి పట్టేస్తామని కోతలు కోసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో సైకాలజీ చెబుతాను. నేరం జరిగినప్పుడు మనుషుల్ని ఎలా ప్రశ్నించాలన్నది మా సిలబస్‌లో ఒక పాఠం. పిల్లలు నిద్రపోకుండా వినే పాఠం అదొక్కటే. "ముక్కు గోక్కుంటే అబద్ధమేనా మేడమ్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ముక్కు గోక్కుంటే దురదరా నాయనా అంటాను. నవ్వుతారు గానీ నమ్మరు.

పిల్లల్ని అని ఏం లాభం? ఆళ్ళగడ్డలో శిల్పాల షెడ్డు నడిపే మా మేనమామ కూడా నమ్మలేదు. నంద్యాలలో ఒక హోటల్ హాల్లో మనుషుల్ని చదవడం నేర్పిస్తానని క్లాసులు పెట్టిన ఒక నిపుణుడి మాటలకు పడిపోయాడు. ఎండాకాలంలో కోటు, కాలరుకు మైకు, ప్రతి మాటకూ ముందు "రీసెర్చ్ ఏం చెబుతుందంటే" అనే ఊతపదం. ఏ రీసెర్చి అని అడిగితే చిరునవ్వు. బస్టాండు దగ్గర చిలక జోస్యం చెప్పే ఆయన ఇంతకంటే నయం, కనీసం చిలకతోనైనా పని చేయిస్తాడు.

రంజాన్ అయిపోయిన కొన్నాళ్ళకు మామ ఫోన్ చేశాడు. లారీకి ఎక్కించాల్సిన అమ్మవారి విగ్రహానికి ఎడమచేతి చిటికెన వేలు విరిగిపోయిందట. "గోనెపట్ట కప్పిపెట్టినా పాపా. ఎవురు జేసినారో తేలాల" అన్నాడు. ఏం విరిగిందో ఎవరికీ చెప్పొద్దు, విగ్రహం చెడిందని మాత్రమే అనమని చెప్పాను. ఆ ఒక్క మాటా విన్నాడు. విని, ఆ నిపుణుణ్ణి కూడా కారు పంపించి పిలిపించుకున్నాడు.

ముందురోజు సాయంత్రం షెడ్డులో ఉన్నది ఇద్దరే. ఒకరు మామ కొడుకు. ఇంకొకరు విగ్రహాలను రుద్ది నునుపు చేసే మనిషి, ఒక ముస్లిం ఆడమనిషి. ఎన్నో ఏళ్ళుగా అక్కడే పని. ఆమె మీద వేలు చూపిస్తే పోయేది కూలి ఒక్కటే కాదు. అమ్మవారి విగ్రహాన్ని ఆమె విరగ్గొట్టిందన్న మాట షెడ్డు దాటిందంటే ఇక ఆ ఊళ్ళో ఆమెకు నిలువ నీడ ఉండదు. అది మామకు తెలుసు, నాకూ తెలుసు. నిపుణుడికి మాత్రం ఆ చింతే లేదు.

ఆ పూటే నేనూ ఆళ్ళగడ్డ వెళ్ళాను. ప్రశ్నించేది ఆడమనిషిని కాబట్టి నన్ను పక్కన కూర్చోబెట్టారు. నిపుణుడు ఆమె ముందుకు గ్లాసుతో నీళ్ళు జరిపాడు.

"వద్దు సార్. ఇప్పుడే తాగినా" అంది ఆమె.

టీ తెప్పించాడు. "కడుపులో బాగలేదు సార్" అంది, తల వంచుకుని.

ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. ఏం జరిగింది అని అడగనైనా అడగలేదు. "ఎందుకు చెడగొట్టావ్?" అనే మొదలుపెట్టాడు.

తర్వాత మామ కొడుకు వచ్చి కాలు మీద కాలేసుకుని, నిపుణుడి కళ్ళలోకి సూటిగా చూశాడు. "నాకేం తెల్దు సార్. నేను ఆ పక్కకే పోలే" అని గ్లాసు నీళ్ళూ గటగటా తాగేశాడు.

తీర్పు వచ్చేసింది. అబ్బాయి క్లీన్. ఆమె రెండుసార్లు అబద్ధమాడింది, నేరం ఆమెదే. మామ అప్పుడే పోలీసుల మాట ఎత్తాడు.

నేను ఆమెను బయట నీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు ఎందుకు వద్దన్నావని అడిగాను. దగ్గర్లో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"ఒక్కపొద్దుండా అక్కా. రంజాన్లో బయటుండి ఇడిసిపెట్టిన దినాలు ఇప్పుడు తీర్చుకుంటాండా. మొగోళ్ళ ముందర యెట్లా చెప్పేది?"

ఆ మహానుభావుడు పట్టింది అబద్ధాన్నే. కాకపోతే ఆ అబద్ధానికీ అమ్మవారి వేలికీ ఏ సంబంధమూ లేదు. నిన్న సాయంత్రం సంగతంతా చెప్పు, నేను మధ్యలో ఏమీ అడగను అన్నాను. చెప్పింది. చివర్లో తనే అడిగింది: "ఇంతకీ ఏం చెడింది అక్కా? మొగమా?"

లోపలికి వచ్చేసరికి నిపుణుడు బిస్కెట్టు టీలో ముంచుతున్నాడు. మామ కొడుకు తండ్రికి ధైర్యం చెబుతున్నాడు. "దానికేంది నాయనా, చిటికెనేలే గదా. రాతిపొడి కలిపి అతికిస్తే ఎవురికి తెలుస్తాది?"

నిపుణుడికి అది చెవిన పడనే లేదు. మామ టీ కప్పు కింద పెట్టాడు. "చిటికెనేలని నీకెవురు జెప్పినార్రా?"

"నీవే గదా నాయనా" అన్నాడు వాడు, అప్పుడు కూడా తండ్రి కళ్ళలోకి సూటిగా చూస్తూ. తను చెప్పలేదని మామ గద్దించాక గానీ అసలు సంగతి బయటికి రాలేదు. ఆమె ఇంటికి పోయాక స్నేహితుణ్ణి పిలిపించుకుని, ఫోన్లో వీడియో తీసుకోవడానికి విగ్రహాన్ని పక్కకు జరిపాడట.

"పిల్లోడు. చెయ్యి తగిలుంటాది" అన్నాడు మామ. పోలీసుల ఊసే లేదు. బయట నిలబడ్డ పనివాళ్ళతో, రాయిలోనే జీర ఉండిందని, వేలు దానంతటదే విరిగిందని చెప్పాడు. ఒక్కొక్కరి కళ్ళలోకి చూస్తూ మరీ చెప్పాడు.

నిపుణుడు కారెక్కుతూ నాతో అన్నాడు: "అయినా ఆమె ఏదో దాస్తోంది మేడమ్. నా అంచనా తప్పదు."

"దాస్తోంది సార్. మీకు సంబంధం లేనిది" అని డోరు వేశాను.

పొద్దు గూకి, మసీదులోంచి మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆమె డ్రమ్ము పక్కన కూర్చుని, ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. అప్పుడు అడిగింది.

"తాగింటే ఏమనేటోడు అక్కా?"

"తప్పు చేసింది గనక గొంతెండిందనేవాడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. రాతిపిండి పట్టిన తన వేళ్ళకేసి చూసుకుంది.

"ఆ ఏలు రుద్ది రుద్ది నునుపు జేసింది నేనక్కా. అది ఇరిగిందంటే నాకెట్లుంటాదో, ఒక్కరూ అడగలే."