ఎడమవైపు తగ్గిన పాట

దెయ్యాలున్నాయంటే నేను ఒప్పుకోను. విజయనగరంలో నేను వయొలిన్ నేర్పే గది శ్మశానానికి వెళ్లే దారిలోనే ఉంది. పన్నెండేళ్లుగా అదే దారిన నడుస్తున్నాను, ఏ రోజూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా దెయ్యమని అనను. ఏమిటో తెలీదు, అంతే.

మా బావ నరసన్నపేట దగ్గర ఒక రైసుమిల్లులో మోటార్లు, జనరేటరు చూసేవాడు. పాత రేడియోల వాల్వులు పోగుచేసి, పాటలు వినడానికి ఇంట్లోనే ఒక ట్యూబ్ యాంప్లిఫయర్ కట్టడం మొదలుపెట్టాడు. సెలవులకి వెళ్లినప్పుడు నేనూ పక్కన కూర్చుని సోల్డరింగ్ చేసేవాణ్ణి. ఆ పని నాకు నేర్పింది ఆయనే. కిందటి వానాకాలంలో గుండెపోటుతో పోయాడు. అక్క సగంలో ఆగిన ఆ యాంప్లిఫయర్ పెట్టె నా చేతికిచ్చి, నువ్వే పూర్తిచెయ్యమంది.

బావ కాగితం మీద గీసిపెట్టిన బొమ్మ చూసి మిగిలిన వైర్లు కలిపాను. రెండు స్పీకర్లు పెట్టి పాట వేశాను. కుడివైపు చక్కగా వినిపించింది. ఎడమవైపు పాట సగానికి తగ్గిపోయి, దాని కింద గుయ్‌మని ఒకటే హమ్.

వాల్వులు అటువి ఇటు మార్చాను. కొత్త కెపాసిటర్లు వేశాను. ఎర్త్ వైర్లన్నీ ఒకేచోట కలిపాను. ఏమీ తేడా రాలేదు. పాఠం చెబుతున్నా ధ్యాసంతా దాని మీదే. పిల్లలు అపస్వరం వాయిస్తుంటే పట్టించుకోకుండా ఊరుకున్న రోజులున్నాయి.

చీపురుపల్లి నుంచి తెలిసిన మెకానిక్‌ని పిలిపించాను. మీటరు పెట్టి చూసి రెండువైపులా సమానమే, హమ్ లేనేలేదన్నాడు. చెవితో విని కూడా అదే మాటన్నాడు.

ఆయన వెళ్లాక స్పీకర్ల వైర్లు తారుమారు చేశాను. లోపం పెట్టెదైతే కుడికి మారాలి. మారలేదు. స్పీకర్లనే అటుదిటు పెట్టాను. అప్పుడూ ఎడమే. విసుగొచ్చి కుర్చీ తిప్పేసి, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నాను. అప్పటిదాకా బాగా పలికిన స్పీకరు ఇప్పుడు నా ఎడమ చెవి వైపు వచ్చింది. ఈసారి అదే తగ్గింది. హమ్ కూడా ఆ చెవిలోనే.

వయొలిన్ చెప్పేవాడికి చెవి పోతే ఇంకేం మిగుల్తుంది? మర్నాడే శ్రీకాకుళం వెళ్లి చెవి డాక్టరుకి చూపించుకున్నాను. రెండు చెవులూ బాగున్నాయన్నారు. నిజమే, ఫోన్లో విన్నా, వయొలిన్ వాయించినా తేడా లేదు. ఆ పెట్టె ముందు కూర్చుంటేనే.

అక్కకి ఇదేదీ చెప్పలేదు. పూర్తయిందని మాత్రం చెప్పాను. ఆదివారం వినడానికి వచ్చింది. పాట వేశాను. కాసేపటికి ఎడమ చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది.

"మీ బావకి ఇటుపక్క సెవి పన్సేసీది కాదురా," అంది. "మిల్లులో మోటార్ల కాడ పోయింది. లోపల ఎప్పుడూ గుయ్‌మంటాదనీవోడు. నువ్వు సంగీతం తెలిసినోడివని, నీకు సెప్పొద్దన్నాడు."

నాకు నిజంగానే తెలీదు. బావ ఎప్పుడూ నాకు ఎడమపక్కనే ఎందుకు కూర్చునేవాడో అప్పుడర్థమైంది. కుడి చెవి నావైపు ఉండాలి కదా.

అప్పట్నుంచి అక్క ప్రతి ఆదివారం వచ్చేది. ఆ ఒక్క పాటే మళ్లీ మళ్లీ వినేది. నాకు ఆ గదిలో కాలు నిలిచేది కాదు. వరండాలోకీ లోపలికీ తిరుగుతుండేవాణ్ణి.

నాలుగో ఆదివారం పాట మొదలవగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండువైపులా సమానంగా ఉంది. హమ్ లేదు.

"ఏటి సేసావు?" అంది అక్క.

ఏమీ చెయ్యలేదన్నాను. నమ్మలేదు, మూత విప్పి చూపించమంది. చూపించాను. నేను వేసిన అతుకులు వేసినట్టే ఉన్నాయి. వారమంతా నేను దాన్ని ముట్టుకోలేదు. అక్క చాలాసేపు అందులోకే చూసింది.

"ఎలాగుండీదో మళ్లీ అలాగే పెట్టీరా," అంది.

ఎలా పెట్టాలో నాకు తెలీదు. అయినా వాల్వులు మార్చాను, ఎర్త్ వైర్లు పాతచోటికి తెచ్చాను. సాయంత్రం అక్క బస్సు టైమయ్యేదాకా పాట రెండువైపులా శుభ్రంగా వినిపిస్తూనే ఉంది. పై ఆదివారం అక్క రాలేదు.

అది ఎందుకొచ్చిందో, ఎందుకు పోయిందో ఇవాళ్టికీ నేను చెప్పలేను.