విల్ఫ్రెడ్ ఎడమ బూటు

రోలండ్ మంచివాడని మా ఊళ్ళో ఇంకా అనేవాళ్ళున్నారు. అననివ్వండి. థార్న్‌సీ టెన్నిస్ క్లబ్బులో ఇరవై ఆరేళ్ళు టీ పోసినదాన్ని, ఎవరెలాంటివాళ్ళో నాకొకరు చెప్పక్కర్లేదు. అక్కడికొచ్చేవాళ్ళలో విల్ఫ్రెడ్ ఆస్పినాల్ నోట్లో నాలుక లేని మనిషి. ఉత్తరాలు పంచే ఉద్యోగంలో రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. అతనికున్నవి రెండే: అక్క హిల్డా, క్లబ్బు పచ్చిక.

ఆ పచ్చిక మీద గీతలు గీసేది అతనే. ప్రతి సోమవారం పొద్దున్నే మేకులకు దారం కట్టి, తెల్లరంగు బండి తోసుకుంటూ ఆరు కోర్టులకూ గీసేవాడు. ముప్ఫై ఒక్క వేసవులు ఆ పని వదల్లేదు. జూన్‌లో మా క్లబ్బులోనే పెద్ద టోర్నమెంటు జరుగుతుంది, టీవీలో కూడా చూపిస్తారు. "ఐవీ, నా గీతలు టీవీలో వచ్చాయి చూశావా?" అని అడిగేవాడు. ఎవరు గెలిచారని మాత్రం అడిగేవాడు కాదు. ఆ గీతలే అతని ప్రాణం.

పందాల్లోకి దించింది రోలండ్, హిల్డా మొగుడు. ఆట నడుస్తుండగానే ఇంటర్నెట్‌లో పందెం కాయొచ్చు, కాసిన పందేన్ని మధ్యలో అమ్ముకుని బయటపడొచ్చు. పాయింటు పాయింటుకీ ధర మారుతుంది. రోలండ్‌కి అంకెలు తెలుసు, ఆట తెలియదు. విల్ఫ్రెడ్‌కి ఆట తెలుసు.

"ఎవడు గెలుస్తాడో చెప్పరా," అనేవాడు రోలండ్.

"గెలుపుతో మనకేం పని బావా? ధర ఎటు కదులుతుందో చూడు. ఒకడు ఎదుటివాడి సర్వీసు గేము గెల్చుకోగానే జనం వాడి మీద పందేలకి ఎగబడతారా? ఆ సంబరంలో తర్వాతి గేములోనే తన సర్వీసు పోగొట్టుకునేవాళ్ళు బోలెడుమంది. జనం ఎగబడ్డప్పుడు ఎదురు కాయి, వాడి సర్వీసు పోగానే బయటపడు. పేరున్నవాడు మొదటి సెట్టు ఓడిపోతే కంగారుపడకు, కాళ్ళు చూడు. రెండో సర్వీసుకి మడమ లేస్తోందంటే వాడిలో ఇంకా ఆట ఉన్నట్టే. వాడి పందెం కొనెయ్."

"టీవీలో మడమలెక్కడ కనిపిస్తాయిరా?"

"అందుకే నేనక్కడ కూర్చుంటా."

అలా మొదలైంది. టీవీ బొమ్మ కోర్టులో ఆటకంటే కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. పాయింటు ఎవరిదో ఆ సెకన్లలోనే ఇంట్లో ఉన్న రోలండ్‌కి తెలిస్తే, ధర మారేలోపు పందెం పడిపోతుంది. ఇది చెయ్యకూడదని టికెట్టు వెనకే రాసి ఉంటుంది. విల్ఫ్రెడ్ చేసింది ఒప్పని నేననను. పట్టుబడ్డవాళ్ళని బయటికి పంపేసి, మళ్ళీ గేటు దాటనివ్వరు.

మొదట్లో కబురు పంపే మీట అతని జేబులో ఉండేది. ఈ పని చేసేవాళ్ళంతా దొరికిపోయేది అక్కడే. చెయ్యి జేబులో ఉంటే చప్పట్లు కొట్టలేరు కదా! జనమంతా చప్పట్లు కొడుతుంటే బిగుసుకుని కూర్చున్నవాడి కోసమే కాపలావాళ్ళు కళ్ళు తెరుచుకుని చూస్తుంటారు. ఒకసారి ఏమీ తెలియక నేనే అన్నాను, "ఏమయ్యా, అంత మంచి షాటుకి నీకు చేతులు రాలేదా?" అని. పాపం, టీ సగం ఒలకబోసుకున్నాడు. ఆ వారమే హిల్డా వంటింటి బల్ల మీద పెట్టుకుని, రోలండ్ ఆ మీటని ఎడమ బూటులో బొటనవేలి కిందికి మార్చాడు. ఒక్క నొక్కు సర్వీసు చేసినవాడికి, రెండు నొక్కులు ఎదుటివాడికి. ఇక విల్ఫ్రెడ్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేవాడు. బూటు సంగతి ఆ ఇల్లు దాటలేదు. అప్పట్లో నాకే తెలియదు.

మొన్న జూన్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం, నా కౌంటర్ ఎదురుగా ఉన్న మూడో కోర్టులో ఆడవాళ్ళ మొదటి రౌండు నడుస్తోంది. ఆటగాళ్ళు అటూ ఇటూ మారే విరామంలో కాపలావాళ్ళ నీలం కోటు వేసుకున్న ఒకావిడ వచ్చింది. అటూ ఇటూ చూడకుండా నేరుగా విల్ఫ్రెడ్ వరసలోకి నడిచింది.

"మీ ఎడమ బూటు విప్పుతారాండీ?"

ఫోను అడగలేదు. జేబులు చూపించమనలేదు. ఎడమ బూటు! విల్ఫ్రెడ్ ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, వంగి లేసు విప్పాడు. మేజోడుకి వేలి దగ్గర చిరుగుంది. వెనక వరసలో ఎవడో నవ్వాడు.

శుక్రవారం ఉత్తరం వచ్చింది. టోర్నమెంటు జరిగే ఏ మైదానంలోకీ జీవితాంతం రావద్దన్నారు. టోర్నమెంటు మా పచ్చిక మీదే కాబట్టి క్లబ్బు కూడా సభ్యత్వం తీసేసింది. గీతల బండి ఉండే గది తాళంచెవి పోస్టులో పంపమన్నారు, స్వయంగా తెచ్చివ్వనివ్వలేదు.

శనివారం అతను రోలండ్ ఇంటికి వెళ్ళాడు. అక్కడ జరిగింది మర్నాడు నా వంటింట్లో కూర్చుని చెప్పాడు.

తలుపు తీసిన రోలండ్ కొత్త కోటులో ఉన్నాడట, జేబు మీద కంపెనీ బ్యాడ్జీతో.

"ఉద్యోగం ఇచ్చార్రా. టోర్నమెంట్లకి స్కోర్లు అందించే కంపెనీ. ఇలాంటివాళ్ళని పట్టుకునే పని."

"ఇలాంటివాళ్ళంటే నేనా బావా?"

"అబ్బా, అలా మాట్లాడకు. పనొచ్చని నమ్మాలంటే ఒక్క పేరైనా చెప్పమన్నారు. బయటివాడి పేరు చెబితే రచ్చ చేస్తాడు. నువ్వు మనవాడివి."

"మనవాణ్ణని అమ్మేశావా?"

"నీకిప్పుడు ఏం పోయిందిరా? కేసా, జైలా? ఆట టీవీలో చూసుకో."

"నా గీతలు, బావా."

"గడ్డి మీద గీతలకి ఏడుస్తావేంట్రా ముసలోడా!"

అప్పుడు లోపల్నించి హిల్డా వచ్చిందట, చేతులు తుడుచుకుంటూ. చిన్నప్పుడు బళ్ళో తమ్ముణ్ణి కొట్టినవాళ్ళని జుట్టు పట్టుకుని వంచిన అక్క. ఇప్పుడు మొగుణ్ణి దులిపేస్తుందని విల్ఫ్రెడ్ ఎదురుచూశాడు.

"ఫోను కోసం నీ ఒళ్ళంతా తడుముతారన్నార్రా ఈయన," అంది హిల్డా. "నలుగురిలో ఎంత అవమానం! అందుకని, బూటని చెప్పెయ్యండి అని నేనే అన్నాను. బూటైతే చటుక్కున తీసి ఇచ్చేస్తావు కదా తమ్ముడూ. కూర్చో, టీ తాగి వెళ్దువుగాని."

అంతవరకూ చెప్పి విల్ఫ్రెడ్ నేనిచ్చిన టీ కప్పు పక్కకి జరిపాడు.

"బావ ఒక్కడే అయ్యుంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి ఐవీ," అన్నాడు. "మంగళవారం పొద్దున్న నేను వాళ్ళింట్లోనే రొట్టె, గుడ్డు తిన్నాను. వెళ్ళేటప్పుడు లేసు వదులైందని అక్కే వంగి, నా ఎడమ బూటు బిగించి కట్టింది."