ఎర్ర ట్యాంకు మీద నేను జరిపిన విచారణ

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. ఆరు వారాల కిందట, ఒక శుక్రవారం మధ్యాహ్నం, మా యజమాని అబూ నాసిర్ గారింట అతిథులు కూర్చునే మజ్లిస్‌లో పదిమంది పెద్దలు కబ్సా మాంసం అన్నం పళ్ళెం చుట్టూ కూర్చుని తింటూ ఉండగా, తలుపు కింది నుంచి నల్లటి వేడి నీళ్ళు వచ్చి వాళ్ళ తివాచీని తడిపాయి. ఆ నీళ్ళను అక్కడికి పంపినవాణ్ణి నేనే! తివాచీ మూడు రోజుల్లో ఆరిపోయింది గానీ, అంతకు ముందురోజు నేను చూపిన తెలివి వల్ల ఒక భార్యాభర్తల కాపురానికి మధ్య ఎనభై కిలోమీటర్లు వచ్చి పడ్డాయి.

ముందు మనుషులను పరిచయం చేస్తాను. అబూ నాసిర్ గారిది భవనాల మరమ్మతుల సంస్థ. ఊళ్ళో మీకు చరిత్ర పాఠాలు చెప్పిన నేను ఇప్పుడు అందులో కాగితాలు చూసే గుమాస్తాను, అవసరం వచ్చినప్పుడు దుబాసీని. నా భార్య కరుణ ఇక్కడే రియాద్‌లో నర్సు. ఆమె వార్డులోనే పనిచేసే సునీతది నరసాపురం వైపు. సునీత భర్త సాల్మన్ గారు బాయిలర్ల మెకానిక్కు. వాళ్ళకు పెళ్ళయి నాలుగేళ్ళు. ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నా ఆమె ఆసుపత్రి హాస్టల్లో, ఆయన కంపెనీ క్యాంపులో. ఒక కప్పు కింద గడిపిన రోజులు సెలవు మీద ఇండియా వెళ్ళినప్పటివే.

ఆ సమయంలో సాల్మన్ గారి కంపెనీ, ఇక్కడి ప్రభుత్వం కంపెనీలకు రంగులిచ్చే నితాఖత్‌లో ఎరుపులోకి జారింది. ఎరుపు అంటే, సౌదీలను పెట్టుకోవలసినంతమందిని పెట్టుకోలేదని అర్థం. ఇక అక్కడి పనివాళ్ళ ఇఖామాలకు, అంటే నివాస కార్డులకు, రెన్యూవల్ ఉండదు. అందులో ఒక వెసులుబాటు ఉంది: ఆకుపచ్చలో ఉన్న కంపెనీ ఎవరైనా తీసుకుంటామంటే, పాత కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకపోయినా నఖల్ అనే బదిలీ చేయించుకుని మారిపోవచ్చు. మా సంస్థ ఆకుపచ్చలో ఉంది, అంచు మీదనే అనుకోండి. కుటుంబాల మీద లెవీలు మొదలయ్యాక భార్యాపిల్లలను ఇంటికి పంపేసినవాళ్ళ గదులు మేముండే మలాజ్‌లో ఎన్నో ఖాళీ అయ్యాయి. మా మేడ మీది గదీ అలా ఖాళీ అయినదే. సాల్మన్ గారికి మా దగ్గర చోటు దొరికితే ఆ గది వాళ్ళిద్దరిది. సునీత అప్పటికే కిటికీ కొలత తీసుకుని పరదా కుట్టించేసింది.

చోటు ఇవ్వడానికి అబూ నాసిర్ గారు ఒక్కటే షరతు పెట్టారు. "మా ఇంట్లో హీటింగ్ బాగుచేయమను. చేస్తే తీసుకుంటాను. గురువారం వస్తాడా?"

రాకేం! సాల్మన్ గారి కోసం ఎనభై కిలోమీటర్ల అవతల అల్ ఖర్జ్‌లోని ఒక పాల ఫారమ్ వాళ్ళు కూడా ఎదురుచూస్తున్నారు, ఆ వారమే జవాబు చెప్పాలి. కానీ ఆయనకు రియాద్ కావాలి.

రియాద్‌లో హీటింగ్ ఏమిటని నవ్వకండి, జనవరిలో తెల్లవారుజామున బయటికి వచ్చి చూడండి. అబూ నాసిర్ గారి తల్లికి తొంభై దగ్గర పడ్డాయి, చలి పడదు. ఆమె కోసం ఆయన ఆ పాత విల్లాలో బాయిలరు, గదిగదికీ రేడియేటర్లు పెట్టించారు. జబ్బు ఏమిటంటే, నీళ్ళు వేడెక్కినప్పుడు ప్రెషర్ ముల్లు పైకి ఎగిరి, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్ళు కక్కేది. చల్లారగానే ముల్లు సున్నాకు పడిపోయేది. ఆయన రోజూ మళ్ళీ నీళ్ళు నింపేవారు.

మజ్లిస్ పక్కనే చిన్న బాయిలర్ గది. అందులో గోడకు ఒక ఎర్రటి ఇనుప ట్యాంకు. దాని లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. పొరకు ఒక పక్క నీళ్ళు, మరో పక్క గాలి. వేడికి నీళ్ళు ఉబ్బినప్పుడు గాలి నొక్కుకుని చోటిస్తుంది. సాల్మన్ గారు ఆ ట్యాంకును వేలి కణుపులతో పైనా కిందా తట్టారు.

"వినండి మాస్టారూ. పైనా కిందా ఒకటే మోత. గాలి ఉంటే ఒక పక్క బోలుగా మోగాలండి. గాలి పోయింది, మొత్తం నీళ్ళే నిండిపోయాయి. నీళ్ళు దించేసి చూడాలి. రబ్బరు బాగుంటే గాలి కొడితే చాలు, చిరిగితే కొత్త ట్యాంకు."

"ఎంతసేపు పడుతుంది?"

"హీటింగ్ ఆపాలి, చల్లారాలి, దించాలి. రాత్రి దాకా పట్టుద్దండి."

అరబ్బీలో చెప్పాను. అబూ నాసిర్ గారు ముఖం ముడుచుకున్నారు. "తట్టి చూసి చెప్పేశాడా? దీనికోసం అమ్మ చలిలో కూర్చోవాలా? యా ఉస్తాద్, నువ్వు చదువుకున్నవాడివి. ఇతను చెప్పేది నిజమేనా?"

'ఆ విద్య నాది కాదు, ఆయనది' అని ఊరుకుంటే నేనీ కథ చెప్పవలసిన పని లేదు. కానీ అడిగింది నన్ను కదా! మీకు తెలుసు, ఆధారం లేని మాట నాకు మింగుడు పడదు. శాసనాల్లో రాజుగారు వెయ్యి ఏనుగులతో వచ్చారని ఉంటే, వాటికి గడ్డి ఎక్కడిదని అడిగే రకాన్ని. అలాంటివాణ్ణి చప్పుడు విని ఎలా నమ్ముతాను? పరుగున వెళ్ళి కారులోంచి టైర్ గేజి తెచ్చాను. ట్యాంకుకు గాలి కొట్టే గొట్టం మూతి కూడా టైరుకు ఉండేలాంటిదే. పెట్టి చూశాను. ఇరవై రెండు పీఎస్ఐ! బార్‌లలోకి మార్చి, అందరికీ వినపడేట్టు చెప్పాను: ఒకటిన్నర. ట్యాంకు మీది లేబుల్ ఎంత ఉండాలంటోంది? ఒకటిన్నర. అప్పుడు నీళ్ళ ముల్లు చూపుతున్నది? అదీ ఒకటిన్నరే!

"మాస్టారూ," సాల్మన్ గారు మెల్లగా అన్నారు, "నీళ్ళు ఉండగా కొలిస్తే ఏం తెలుస్తుందండీ?"

"సంఖ్య తెలుస్తుంది," అన్నాను.

ఎంత బాగా అన్నాననుకున్నానో! ట్యాంకు దోషం లేదనీ, సేఫ్టీ వాల్వ్ బలహీనపడి ముందే తెరుచుకుంటోందనీ తీర్పు చెప్పాను.

"అది దాని పని అది చేస్తోందండీ పాపం," అన్నారాయన.

అబూ నాసిర్ గారు నా గేజి వైపు చూశారు, సాల్మన్ గారి వైపు చూశారు. "కొత్త ట్యాంకు అమ్ముకుందామని చూశాడు. ఖలాస్, ఇతను వద్దు."

'అలా అనుకోవడానికి ఆధారం లేదు' అన్న మాట నేను రోజుకు పదిసార్లు అంటాను. ఆ ఒక్క పూట అనలేదు. అబూ నాసిర్ గారి మాటను తెలుగులోకి మార్చవలసిన అవసరం కూడా రాలేదు. సాల్మన్ గారు పదేళ్ళుగా ఇక్కడున్న మనిషి, ఖలాస్ అంటే తెలియకపోతుందా? పనిముట్ల సంచి భుజాన వేసుకుని, "ఉంటానండీ" అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం కొత్త వాల్వ్ కొని, మాన్యువల్ ముందు పెట్టుకుని, నేనే బిగించాను. పాత వాల్వ్ నుంచి నీళ్ళను మోరీలోకి తీసుకువెళ్ళే పైపు మర కొత్తదానికి కుదరలేదు. ఎలాగూ నీళ్ళు రావన్నది రుజువైపోయింది కనుక పైపు ఊడదీసి, మర్యాద కోసం కింద ఒక బకెట్ పెట్టాను.

మర్నాడు మజ్లిస్‌లో విందు. హీటింగ్ బాగుచేసిన ఘనత నాది కనుక నన్నూ పిలిచారు. చలిగా ఉంది, బాయిలర్‌ను బాగా పెంచారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాను, పక్కగదిలో బుస్సుమని చప్పుడు! బకెట్ ఎంతలో నిండిందో చెప్పలేను, కొలవలేదు. ఏళ్ళ తరబడి రేడియేటర్లలో మాగిన తుప్పు, సిరాలాంటి నీళ్ళు, మజ్లిస్ గుమ్మం దాటాయి. పెద్దలు పళ్ళెంతో సహా లేచారు.

"యా ఉస్తాద్! ఇదేమిటి?" అబూ నాసిర్ గారు అరిచారు.

ఒక ముసలాయన మాత్రం కాళ్ళు పైకి ముడుచుకుంటూ, "భోజనాలయ్యాక చేతులకు నీళ్ళిస్తారని తెలుసు, భోజనం మధ్యలో పాదాలకు ఇవ్వడం ఈ ఇంటి కొత్త మర్యాదా?" అన్నాడు.

బాయిలర్ ఆపి, సాల్మన్ గారికి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు, 'నీళ్ళు' అని నాలుగైదుసార్లు అని ఉంటాను. ఆయన ఒక్కమాట ఎత్తిపొడవలేదు. "ఎవరికీ కాలలేదు కదండీ?" అని అడిగి, గంటలో వచ్చారు.

చల్లారేదాకా కూర్చున్నారు. నీళ్ళు మోరీలోకి దించారు. ముల్లు సున్నాకు వచ్చాక నా వైపు చెయ్యి చాపారు. టైర్ గేజి ఇచ్చాను. ట్యాంకుకు పెట్టి, చదవమని నాకే తిరిగి ఇచ్చారు.

మూడు. ఇరవై రెండు కాదు, మూడు!

"నిన్న మీరు కొలిచింది గాలిని కాదండీ," అన్నారు, "అవతల నుంచి నీళ్ళు నొక్కుతున్న నొక్కుడు. మధ్యలో రబ్బరే కదా. అక్కడ ముల్లు ఎంత చూపితే ఇక్కడ గేజి అంతే చూపుద్ది."

ఇద్దరు చరిత్రకారులు ఒకే మాట చెబితే, ఒకరిది చూసి ఇంకొకరు రాశారేమో ముందు చూసుకోవాలని మీ అందరికీ ఎన్నిసార్లు పాఠం చెప్పాను! నీళ్ళ ముల్లు చెప్పినదాన్నే గేజి తిరిగి చెబితే, ఇద్దరు సాక్షులు కలిశారని చప్పట్లు కొట్టుకున్నాను. లేబుల్‌దేముంది, ఫ్యాక్టరీలో రాసినది అది. రాసిననాటి సంగతి చెబుతుంది. చెవితో విన్న మనిషి ఒక్కడే స్వతంత్ర సాక్షి, ఆయన్నే కొట్టేశాను.

రబ్బరు బాగానే ఉంది. పంపుతో గాలి నింపి, నీళ్ళు నింపి, ఊడిన పైపుకు సరైన మర తెచ్చి బిగించి, బాయిలర్ వెలిగించారు. ముల్లు కొద్దిగా కదిలి నిలిచింది. ముసలమ్మ గదిలో రేడియేటరు వేడెక్కింది.

తప్పు నాదేనని అబూ నాసిర్ గారికి అరబ్బీలో, వ్యాకరణ దోషం లేకుండా, చెప్పుకున్నాను. ఆయన విని సాల్మన్ గారి భుజం తట్టారు. "ఆదివారం రా. నఖల్ కాగితాలు పెడదాం."

సాల్మన్ గారు చేతులు తుడుచుకుంటూ నాతో అన్నారు: "ఆయనకు చెప్పండి మాస్టారూ. నిన్న ఇక్కడి నుంచి బతా బజారుకు వెళ్ళాను, ఫారమ్ వాళ్ళ మనిషి కలిశాడు. సంతకం పెట్టేశాను. ఇఖామా అయిపోవస్తోంది కదండీ, ఇంకేం చూసుకోను? ఏడాది దాకా కదలడానికి లేదు."

ఆ మాటలను అరబ్బీలోకి మార్చడం నాకు చాలాసేపు పట్టింది.

"పోనీలెండి," ఆయనే ఓదార్చారు. "పాల మిషన్లు కడగడానికి వేడి నీళ్ళు కావాలి కదండీ. అక్కడా బాయిలర్లే."

ఇంటికి వచ్చి కరుణకు చెప్పాను. ఆమె అంతా వింది. తరవాత అడిగింది: "ఆయన బాయిలర్ పని ఎన్నేళ్ళుగా చేస్తున్నారు?"

"పద్నాలుగు."

"మీరు?"

మేడ మీది గదిలోకి వేరేవాళ్ళు వచ్చారు.

ఇప్పుడు శుక్రవారం డ్యూటీ లేనప్పుడల్లా నేను, కరుణ, సునీత కారులో అల్ ఖర్జ్ వెళ్తున్నాం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వస్తాం. సునీత నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. మొన్న దారిలో బంకు దగ్గర ఆగాం. వెనక టైరు కాస్త దిగినట్టు కనిపించింది. డ్యాష్‌బోర్డు అర తెరిచి గేజి అందుకున్నాను.

"అన్నయ్యగారూ," వెనక సీటులోంచి సునీత అంది, "మీరు కూర్చోండి."

అద్దం దించి, బంకులో పనిచేసే పాకిస్తానీ పెద్దాయనను పిలిచింది. "చాచా, జరా టైర్ దేఖ్ లీజియే."

ఆయన వచ్చి, చెప్పుకాలితో టైరును ఒక్క తన్ను తన్ని, చెవి ఒగ్గి విని, "బరాబర్ హై, జావో" అన్నాడు.

ఏ ఆధారంతో అన్నారని నేను అడగలేదు. కారు స్టార్ట్ చేశాను.