ఎలుకల పెట్టె మీద నేను చెరిపి రాసిన కార్డు

రెండువేల ఆరు. ఉగాది పోయిన రెండో శుక్రవారం. పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఎదురుగా గోడ గడియారం ఉండేది కాబట్టి గుర్తు. అప్పటి నుంచి ఆ గడియ నా గుండెల మీద రోలులా కూర్చుంది. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

మాది చింతామణి పక్క కెంచార్లహళ్ళి. పట్టుపురుగులు మేపిన చేతులు నావి. ఏ పురుగు రేపు పడిపోతుందో ఈరోజే తాకి చెప్పేదాన్ని. ఆ చేతుల వల్లే చిక్కబళ్ళాపురం దారిలో ఒక ల్యాబులో ఎలుకలను చూసుకునే పని దొరికింది. అక్కడ మేడం ఎలుకలకు ఒక విషం ఎక్కించి, వాటి కాలేయం ఎలా చెడుతుందో చూసేది. నాకు అర్థమయ్యేలా ఒకసారి చెప్పింది. ఒంట్లోకి చెడు దూరితే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయట, దొంగ పడ్డాడని ఊళ్ళో కేక వేసినట్టు. జనం వచ్చి దొంగను తరిమితే మంచిదే. కేక ఆగకపోతే మాత్రం వచ్చినవాళ్ళే ఇల్లు విరగ్గొడతారు. ఆ కేకను ఆపే మందు మీద ఆమె పని.

"ఏది మెత్తబడిందమ్మా?" అని మేడం నన్నే అడిగేది. నేను తాకి చూపించిన ఎలుకనే రాసుకునేది. చదువు లేనిదాన్ని, అయినా నా మాట పుస్తకంలోకి ఎక్కేది.

తరువాత మిట్టేమరి నుంచి రత్న వచ్చింది. పది పాసైన పిల్ల. పెట్టెల మీద కార్డులు రాయడం, పుస్తకం నింపడం ఆమె పని. నెల తిరగకముందే మేడం నా చేతిని అడగడం మానేసి ఆమె పుస్తకాన్ని అడగడం మొదలుపెట్టింది. రత్న నాకేం చెడు చేసింది? ఏమీ లేదు. అది ఇంకా మండించింది.

పైగా నాకు అక్షరాలు నేర్పింది ఆమే. మధ్యాహ్నం సద్ది తిన్నాక, పాత కార్డుల వెనక, పెన్సిలుతో. మొదట ఇంగ్లీషు ఏ, బీ. తరువాత కన్నడం. తెలుగు నేనే కూడబలుక్కున్నాను.

"బీకి రెండు పొట్టలక్కా. కడుపుతో ఉండే ఎలుక మాదిరి రాయి. నువ్వేమో పస్తున్న ఎలుకను రాస్తాండావు" అని నవ్వేది.

యాభై దాటిన వయసులో నేర్చుకుంటున్నానని తెలిస్తే నవ్వుతారు, ఎవరికీ చెప్పొద్దన్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

ఆ శుక్రవారం పొద్దున ఎనిమిది ఎలుకలకు విషం సూది వేశారు. ‘ఏ’ అని రాసిన పెట్టెలో నాలుగింటికి మందు కూడా ఇచ్చారు. ‘బీ’ పెట్టెలో నాలుగింటికి మందు బదులు ఉత్త నీళ్ళు. స్పిరిట్‌తో తుడిస్తే సిరా కారిపోతుందని కార్డులన్నీ పెన్సిలుతోనే. పదకొండు దాటాక ఎలుకల కింద పరిచే పొట్టు మార్చడానికి నేను గదిలోకి వెళ్ళాను. ఎవరూ లేరు. రెండు కార్డులూ చెరిపాను. ‘ఏ’ ఉన్నచోట ‘బీ’ రాశాను, ‘బీ’ ఉన్నచోట ‘ఏ’. రెండు పొట్టలూ చక్కగా వచ్చాయి. నేర్చుకున్న చదువుతో నేను చేసిన మొదటి పని అది.

మూడు గంటలకు కోసి చూశారు. మందు ఇచ్చినవాటి కాలేయాలే చెడినట్టు తేలింది. అంతకుముందు రెండుసార్లు వచ్చినదానికి పూర్తిగా తిరగబడింది. మేడం కార్డును వెలుతురుకు పెట్టి చూసింది.

"చెరిపి రాసినారు. ఎవరు?"

"ఎలుకలే రాసుకున్నాయేమో మేడమ్" అన్నాడు సూదులు వేసే మంజునాథ. ఎవరూ నవ్వలేదు.

మేడం నా వైపు తిరిగింది. "పొట్టు మార్చింది నువ్వే కదమ్మా?"

నేను పొట్టు సంచి మూతి ముడి వేస్తూ ఉండిపోయాను. రత్న నన్ను చూసింది. చాలాసేపు చూసింది. ఆమెకు తెలిసిపోయింది.

"అక్కకు అక్షరం రాదు మేడమ్. రాసేది నేనొక్కదాన్నే" అంది.

ఒట్టు తప్పితే నా తలకేమైనా అవుతుందని భయపడిందా? అంతేనా? లేక నాకే అవకాశం ఇచ్చిందా, నోరు తెరవమని? తెరిచి ఉంటే పోయేది నా పని ఒక్కటే. నేను పొట్టు సంచి ఎత్తుకుని బయటికి నడిచాను.

సోమవారం నుంచి రత్నను రావద్దన్నారు. మేడం కొత్త ఎలుకలతో మళ్ళీ చేసింది, మందు పనిచేసింది. మేడం పని నిలబడింది, రత్న పని నిలబడలేదు. మేడం మళ్ళీ నన్నే అడగడం మొదలుపెట్టింది, "ఏది మెత్తబడిందమ్మా?" అని. చెప్పేదాన్ని. ఒకసారి బాగేపల్లి బస్టాండులో రత్న కనిపిస్తే బస్సు వెనక్కి తప్పుకున్నాను.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది.

ఆ రోజు మూడు గంటలకు ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. మేడం సుమతి. సూదులు వేసే మంజునాథ. మిట్టేమరి రత్న. ఊరికే పోయిన ఎనిమిది ఎలుకలు. అప్పటికే రాయడం వచ్చిన నేను.