తలుపు తీసేవాడు

మేయర్ల కారు నడిపి రిటైరైన ఆ డ్రైవరుకు వాళ్ళ ముఖాలు సరిగ్గా గుర్తులేవు. అతను చూసిందల్లా అద్దంలో కళ్ళు, తలుపు దగ్గర కాళ్ళు. ఒకాయన, డ్రైవరు వచ్చి తలుపు తీసేదాకా ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించేవాడు. ఎన్నికల్లో ఓడిపోయిన మర్నాడు కూడా అలవాటు చొప్పున, తలుపు తీస్తాడని కారు పక్కన నిలబడి ఎదురుచూసినవాళ్ళున్నారు. ఊరంతా బక్కమేయరు అని పిలిచే ఆయన మాత్రం ఏనాడూ తలుపు తియ్యనివ్వలేదు. డ్రైవరు చుట్టి వచ్చేలోపే దిగిపోయి, "నాకు చేతుల్లేవా ఏంటయ్యా?" అనేవాడు. "అది నా పని సార్" అని డ్రైవరు మొహం మాడ్చుకునేవాడు.

బక్కమేయరు పోయిన రోజు ఆ ఇంటిముందు పట్టుమని పదిమంది లేరు. శవాన్ని తీసుకెళ్ళే బండి వచ్చి ఆగింది. దాన్ని నడిపే కుర్రాడు దిగబోతుంటే, "నువ్వుండు బాబూ" అన్నాడు డ్రైవరు. మోకాళ్ళు పట్టుకుంటూ బండి వెనక్కి నడిచాడు. చొక్కా పైగుండీ పెట్టుకుని, తలుపు తీసి, పక్కకి ఒదిగి నిలబడ్డాడు. శవాన్ని లోపల పెట్టారు. అతను మాత్రం తలుపు వెయ్యకుండా అలాగే పట్టుకుని కాసేపు చూశాడు.

"ఏమీ అనరేంటి సార్?" అన్నాడు.