గవాచి కింద చోటు

మా అత్త పోయిందన్న కబురు బొగ్గుతో నడిచే బస్సులో వచ్చింది. యుద్ధం అయిపోయినా పుంగనూరు నుంచి మదనపల్లెకు ఇంకా ఆ బస్సే దిక్కు. కండక్టరు మా వాకిట్లో నిలబడి, "అమ్మా, మీ అత్త తెల్లారుజామున పోయిందంట. మీ మరిది సెప్పమన్నాడు" అన్నాడు. ఏడవాలో, పొయ్యి మీది ఎసరు దించాలో తోచక అలాగే నిలబడ్డాను. ఇన్నేళ్లు కోడలినై ఉండి కూడా ఆమెకు నేనంటే ఇష్టమో కాదో తెలుసుకోలేకపోయాను. ఇక అడుగుదామంటే మనిషే లేదు.

మట్టిమిద్దెల్లో పెరిగినవాళ్లకు గవాచి అంటే చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం చెబుతున్నాను. పుంగనూరులో మా అత్తవారింటికి కిటికీలు లేవు. నడిమింటి కప్పులో వెలుతురు కోసం ఒక బొక్క వదిలారు, అదే గవాచి. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి దాని మీద కుండ బోర్లించాలి. మిగతా రోజుల్లో అందులోంచి ఎండ నేల మీద పడి, పొద్దుతో పాటు జరుగుతూ ఉంటుంది.

మా అత్త సంసారం కూడా ఆ ఎండ వెంటే జరిగేది. పొద్దున పడమటి గోడ దగ్గర చేట పట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. మధ్యాహ్నం నడుమకు వచ్చి బొంత కుట్టేది. సాయంత్రం ఇత్తడి తాంబాళాన్ని చింతపండుతో తళతళా తోమి తూర్పు గోడకు ఆనిస్తే, ఆ మెరుపు వంటింటి చీకట్లో పొయ్యి మీద పడేది. ఎండ తగిలే గోడలకు మాత్రం ఏటా సున్నం కొట్టించేది, తక్కిన గోడలు మసిబారితే బారనీ అనేది. కిరసనాయిలు దొరక్క ఊరంతా అల్లాడిన రోజుల్లో, "పైన సూర్యుడుండంగా అంగడికి యాల పరిగెత్తేది?" అని అందరినీ ఎగతాళి చేసేది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఆ ఎండ దారిలో ఉన్న రాగుల బానను ఆమె ఒక్కతే దొర్లించి మూలకు చేర్చింది. "ఏమ్మే, ఈడ కూచోని కుట్టుకో" అంది. నేను సంతోషపడేలోపే, "మసకలో కుట్టి నువ్వు కండ్లు పోగొట్టుకుంటే నా కొడుకు నన్నంటాడు" అని ముగించింది. అది ప్రేమో దెప్పో తేలక ఆ పూటంతా సూది వేలికి గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాత మేము మదనపల్లెకు కాపురం మార్చాం. కడపటి ఏళ్లలో ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. అయినా చేట వదల్లేదు. "కనపడతాందా అత్తా?" అని అడిగితే, "వెచ్చగా తగల్తాంది గదా, అది సాల్లే" అంది. ఆమె ఏరిన బియ్యంలో రాళ్లు అలాగే ఉండేవి. నేను వెళ్లినప్పుడు మేము ఆమెకు వినపడకుండా మళ్లీ ఏరుకునేవాళ్లం.

ఆ రోజు నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. లోపల ఆమె మంచం రాగుల బాన పక్కన, చీకటి మూలలో ఉంది. నేను వచ్చినప్పుడల్లా గవాచి కింద ఉండే మంచం అది. ముసలిమనిషిని చీకట్లోకి తోశారా అని మరిది మీద కోపం ముంచుకొచ్చింది. అడిగే వేళ కాదని ఊరుకున్నాను.

కర్మలు అయ్యాక, చనిపోయిన నక్షత్రం మంచిది కాదు, కొన్నాళ్లు ఇల్లు పాడుపెట్టాలి, ఎవరూ ఉండకూడదు అన్నాడు అయ్యవారు. సామాన్లన్నీ పక్కవీధికి చేర్చాం. తాళం వేసేముందు మరిది గవాచి మీద బండ పెట్టబోయాడు. మనిషి లేని ఇంట్లో వానొస్తే కుండ బోర్లించేదెవరు? ఆయన మాటా న్యాయమే. అయినా, "వద్దప్పా" అన్నాను.

పటాలకు అద్దాలు కట్టే ఎదురింటి సాయిబు మా మాటలు విని ఒక అద్దం పలక తెచ్చాడు. "బండ యాలప్పా? ఇది పెట్టి సుట్టూ మట్టి మెత్తు. వాన రాదు, ఎండ వస్తాది" అన్నాడు. మరిది పలక అందుకుని మిద్దె ఎక్కాడు. దిగి చేతులు కడుక్కుంటుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"మంచం మూలకు యాల మార్చినారు?"

"మేమా?" అని నా వైపు వింతగా చూశాడు. "ఆయమ్మే మార్పించింది వదినా. శానా దినాలైంది. గవాచి కింద ఎవర్నీ కూచోనీలేదు, నా బిడ్డల్ని గూడా. బుద్ధి మళ్లిందేమో అనుకుంటిమి. అడిగితే, 'మదనపల్లె పాప వస్తే యాడ కూచోని కుట్టుకుంటాది?' అనేది."

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆ మాట నాతోనే ఒక్కసారి అంటే ఏం పోయేది? ఇప్పటికీ నాకు అర్థం కాదు.

మరిది తాళం వేసి ముందు నడిచాడు. నేను వెనక్కి వచ్చి తలుపు సందులోంచి చూశాను. ఖాళీ నడిమింట్లో నేను కుట్టుకునే చోట అద్దంలోంచి దిగిన ఎండ పడి ఉంది. నేను చూస్తుండగానే అది మెల్లగా సున్నం గోడ వైపు జరిగింది.